అమ్మ ఎరిగిన మొహం

మొన్న తొమ్మిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. "మిస్, ఆ వైరస్ వచ్చినప్పుడు నేను మూడో క్లాసు. ఇప్పుడు నాకు కళ్ళజోడు కూడా వచ్చేసింది. మా ఇంట్లో అలమరలో పరిచిన పాత పేపర్లో దాన్ని కొత్త వైరస్, కొత్త వైరస్ అని రాశారు. అది ఎప్పుడు పాతదవుతుంది?" అని తమిళంలో అడిగింది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ ప్రశ్న ఇంతకుముందు నన్ను ఒకరు అడిగారు. నా జవాబు విన్నాక కొన్నాళ్ళు నాతో మాట్లాడ్డం మానేశారు.

ఆమె నాకు వరసకు అత్త. మా నాయనకు పెదనాన్న కూతురు. పేరు రాయను. రాసినా కొంప మునిగేదేమీ లేదనుకోండి. తమిళం రాజ్యమేలే గుడియాత్తంలో మా వీధి వీధంతా తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, తెలుగు అక్షరం చదివేవాళ్ళు అక్కడ భూతద్దం పెట్టి వెతికినా దొరకరు. నేనూ పెళ్ళయ్యాక మా మామగారి దగ్గర కూర్చుని దిద్దుకున్నదాన్నే. అక్కడ చదివేవాళ్ళు లేరు గనకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. అత్త బతికుండి, ఇది ఎవరైనా చదివి వినిపిస్తే, "ఏం పాపా, నా మొగం సంగతి లోకానికంతా దండోరా ఏసినావే" అనేది. అని, ఆ మొహం సంగతి దగ్గర ఇంకోసారి చదవమనేది.

ఆ మొహం నిండా గుంటలు. చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసింది. పుస్తకాల్లో మశూచి అంటారు. మా వైపు ఆ మాట నోటితో అనరు, అమ్మ వచ్చింది అంటారు. ఆ ఏడు వీధిలో చాలామంది పిల్లలు పోయారట. ఈమె మిగిలింది. మిగిలినందుకు సంతోషించాల్సిన పెద్దవాళ్ళు ఆ మొహం చూసి, "ఇంగ దీన్ని ఎవురు చేసుకుంటారు తల్లీ" అని ఏడ్చారు. వాళ్ళ ఏడుపు వృథా పోలేదు. ఎవరూ చేసుకోలేదు.

పెళ్ళికి పనికిరాని ఆ మొహం జ్వరానికి పనికొచ్చింది. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. అమ్మ పోసిన ఇంట్లోకి ఎవరు పడితే వాళ్ళు పోకూడదు. ఒకసారి ఎవరి ఒంటి మీదికి అమ్మ వచ్చి వెళ్ళిందో వాళ్ళే పోవాలి. వాళ్ళను అమ్మ ఎరుగుతుంది, మళ్ళీ ముట్టదు. మా వీధికీ, చుట్టుపక్కల వీధులకూ ఆ యోగ్యత కళ్ళకు కట్టినట్టు కనబడే మనిషి మా అత్త. పగలంతా ఇంట్లో కూర్చుని కూలికి అగ్గిపెట్టెలకు కాగితాలు అంటించేది. ఎవరింట్లోనైనా పిల్లకో పిల్లాడికో ఒళ్ళు కాలి పొక్కులు లేచాయని కబురు రాగానే చేతికంటిన బంక కడుక్కుని లేచేది.

ఆ బయలుదేరడం చూసి తీరాలి. నడుముకు వేపమండ దోపుకునేది. కాళ్ళకు చెప్పులుండవు. చేతిలో లోటా కూడా తనదే. ఇంటి ముందు నిలబడి, లోపలి మనుషులను పలకరించకుండా ముందు లోపలికి వచ్చిన అమ్మను పలకరించేది. "వచ్చినావా తల్లీ. సల్లంగా ఉండు. పో అనడం లే. బిడ్డ సిన్నది, నువ్వే చూసి నిదానంగా బయలుదేరు." ఇంత మర్యాద అమ్మకే. ఇంట్లో వాళ్ళకు అందులో రవ్వంత కూడా మిగిలేది కాదు. "ఎవురే ఆ నూనె కాంచేది? తాలింపు ఆపు! వాసనకు అమ్మకు కోపం రాదా?" అని వంటింట్లోకి కేక పడేది. అమ్మ ఉన్నన్నాళ్ళు ఆ ఇంట్లో తాలింపు లేదు, అప్పడం లేదు, తలదువ్వడం లేదు. అద్దం మీద తుండుగుడ్డ వేలాడేది. పెళ్ళాం మీద గొంతెత్తి ఎరుగని మగవాళ్ళు ఉంటారో లేదో నాకు తెలీదు గానీ, మా అత్త ఇంట్లో ఉన్నన్నాళ్ళు అందరూ ఆ కోవలోకే వచ్చేవాళ్ళు.

రోగి పక్కన కూర్చుని, దురద పుట్టిన చోటల్లా వేపాకుతో మెల్లగా నిమిరేది. ఈడొచ్చిన ఆడపిల్లలైతే మొహం ఏమైపోతుందోనని ఏడ్చేవాళ్ళు. వాళ్ళకు ఆమె దగ్గర ఒక్కటే మందు. వంగి మొహం దగ్గరగా పెట్టి, "నన్ను చూడు. ఇంతకంటే పాడైపోతావా? పోవు గదా? పండుకో" అనేది. నాకు ఆటలమ్మ వచ్చినప్పుడు నాకూ అదే చెప్పింది. నాకు ఏడుపులో నవ్వొచ్చి పొక్కు చిట్లింది. దానికి కూడా నన్నే తిట్టింది.

పెళ్ళిళ్ళ సంగతి వేరు. శుభలేఖ ఇచ్చేవాళ్ళే "ఎండగా ఉండాది, నువ్వు ఇంట్లోనే ఉండు, అన్నం పంపిస్తాం" అని చెప్పి పోయేవాళ్ళు. వెళ్ళినా చివరి పంక్తిలో కూర్చునేది. దాని గురించి ఆమె ఏడవగా నేను చూడలేదు. "పెండ్లి ఒక పూట ముచ్చట పాపా. అమ్మ వస్తే దినాలకు దినాలు నన్ను ఇడిచిపెట్టరు" అనేది. ఇందులో ఎంత నిజమో, ఎంత ఓదార్పో నేను అడగలేదు.

మా అమ్మ భుజం మీద చిన్నప్పుడు పొడిచిన టీకా మచ్చ ఉంది. అదంటే అత్తకు చిన్నచూపు. "నీది గవర్నమెంటు ముద్ర. ఒక్క సోట ఏసినారు. నాది అమ్మ ఏసిన ముద్ర. ఖాళీ లేకుండా ఏసింది" అనేది. మా అమ్మ కూడా తగ్గేది కాదు. "నాది రవికె కింద దాగతాది వదినా" అనేది. అప్పుడు మాత్రం అత్త మాట మార్చేది.

ఆ పెద్దమ్మవారు దేశం వదిలిపోయి చాలా కాలమైంది. మళ్ళీ రాదని ప్రభుత్వాలన్నీ ప్రకటించాయి. అత్త ఉద్యోగం మీద దాని ప్రభావం ఏమీ పడలేదు. ఆటలమ్మ ఉంది, తట్టు ఉంది. ఆమె లెక్కలో అందరూ ఒకే అమ్మ, చీరలే వేరు. నేను సైన్సు చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఆ ఊపు మీద ఉండి, "అత్తా, ఇవన్నీ వేర్వేరు వైరస్‌లు. ఒకటి వచ్చి పోయిందని ఇంకోటి రాకుండా ఉండదు" అన్నాను.

"వేరే అయితే నాకు ఎందుకు రాలే?"

"చిన్నప్పుడే వచ్చి పోయుంటాయి. నీకు గుర్తుండదు."

"అట్లయితే అన్నీ నన్ను ఎరుగుతాయి గదా! అదేగదా నేనూ చెప్పేది!" అని చెయ్యి తట్టుకుంటూ వెళ్ళిపోయింది. శాస్త్రం ప్రకారం ఆమె అధికారం ఎప్పుడో రద్దయింది. ఆ ఉత్తర్వు ఆమెకు అందజేయడం నా వల్ల కాలేదు.

ఇక ఎదురింటావిడ సంగతి. లుంగీల వ్యాపారం చేసే ఇల్లు, మేడ, ముందు ఇనుప గేటు. ఆవిడ ఆ ఇంటి పెద్దది, మా అత్త ఈడుదే. ఆవిడకు మా అత్త మీద ప్రత్యేకంగా కోపమేమీ లేదు. మంచి రోజున పొద్దున్నే లేచి గేటు తీస్తే ఎదురుగా ఆ మొహం కనబడకూడదు, అంతే. కొడుకు సరుకు తీసుకుని బెంగుళూరుకు బయలుదేరే రోజైతే, ముందే పనిమనిషిని పంపి, "ఆమెను కాసేపు లోపలే ఉండమను" అని చెప్పించేది. మనవడికి ఆటలమ్మ పోసినప్పుడు మాత్రం స్వయంగా వచ్చి పిలిచింది. అత్త వెళ్ళింది, చేసింది, తలంటు పోయించి వచ్చింది. ఆమె గేటు దాటగానే వెనక నుంచి బకెట్లతో నీళ్ళు పోసి గడప కడిగిన చప్పుడు మా ఇంటికి వినబడింది. అమ్మను సాగనంపడానికని వాళ్ళు అన్నారు. మా అత్త కూడా అలాగే అనుకుంది, లేకపోతే అనుకున్నట్టు నటించింది.

అలా ఉండగా ఆ సంవత్సరం వచ్చింది. బళ్ళు మూశారు. నేను ఉద్యోగం చేసే బాగాయం నుంచి అమ్మను చూడ్డానికి వచ్చి, బస్సులు ఆగిపోయి, గుడియాత్తంలోనే ఇరుక్కుపోయాను. మా ఇంటి తిన్నె మీద కూర్చుని ఫోనులో పాఠాలు చెప్పేదాన్ని. అత్త పక్క తిన్నె మీద అగ్గిపెట్టెలు ముందేసుకుని, పని లేక, నా పాఠాలన్నీ వినేది. మాస్కు అంటే ఆమెకు గిట్టదు. మా అమ్మ మాత్రం, "ఈసారి అందరి మొగాలూ మూసినారు, నీకేం కష్టం వదినా" అనేసి నాలిక కరుచుకుంది. అత్త గట్టిగా నవ్వింది. "నిజమే మే. ఇప్పుడు అందరమూ ఒకటే అందం" అంది.

ఒకరోజు పాఠం అయ్యాక నన్ను పట్టుకుంది. "కొత్తది, కొత్తది అంటావే. నిన్న పుట్టినాదా అది?"

"నిన్న పుట్టలేదత్తా. యాడో అడవి జంతువుల ఒంట్లో ఎన్నో ఏండ్లుగా ఉండి ఉంటాది. మనిషి ఒంట్లోకి ఇప్పుడే వచ్చినాది. సైంటిస్టులు దాన్ని పట్టి, ఇంతకుముందు తెలిసినవాటి పక్కన పెట్టి చూసినారు. దాని అక్కచెల్లెళ్ళు కొందరు దొరికినారు. అది మాత్రం ఇంతవరకూ ఎవురూ చూసింది కాదు. అందుకని కొత్తది అన్నారు."

చేతిలోని అగ్గిపెట్టె కింద పెట్టింది. "అంటే కొత్త కోడలు."

"ఏంది?"

"కొత్త కోడలంటే నిన్న పుట్టిన బిడ్డ కాదు గదా. పుట్టింట్లో పెరిగిందే. మన ఇంటికి కొత్త. ఏం తింటాదో, దేనికి అలుగుతాదో మనకు తెలీదు."

నాకు ముచ్చటేసింది. ఈ పోలికను మరుసటి రోజు క్లాసులో వాడేశాను. ఇప్పటికీ వాడుతున్నాను. కానీ ఆ పోలిక పట్టుకుని అత్త వెళ్ళిన దోవ వేరు. "అయితే ఏం భయం? కోడలు ఎంత కొత్తదైనా అత్తకు అణగల్ల. అమ్మవార్లందరికీ నేను తెలుసు. ఇదేం నన్ను తోసేస్తాదా?" అంది.

తోసేస్తుందనే నా భయం. ఆమె వయసు, ఆయాసం నాకు తెలుసు. అందుకని మొహమాటం లేకుండా చెప్పేశాను. "అత్తా, కొత్తది అంటే అదే అర్థం. దాన్ని ఎరిగిన ఒళ్ళు ఇంకా మన పక్క లేదు. ఒకసారి వచ్చి పోయినవాళ్ళుంటే వాళ్ళను పంపచ్చు. అట్లాంటోళ్ళు మన ఊర్లో ఎవురూ లేరు. నీ మచ్చలు దీనికి తెలీవు. ఇది నిన్ను ఎరగదు. దీనికి నువ్వూ, నేనూ, ఎదురింటామే, అందరమూ ఒకటే."

అందరూ ఒకటే అనిపించుకోవడానికి మనుషులు ఉద్యమాలు చేస్తారు. మా అత్తకు మాత్రం ఆ మాట ములుకులా దిగింది. ఊరంతటిలో ఆమెకున్న ఒకే ఒక్క పెద్దరికాన్ని, నేను తిన్నె మీద కూర్చుని ఊడపెరికాను. ఆమె అగ్గిపెట్టెలు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినా, నా మొహం చూడకుండా మా అమ్మతోనే మాట్లాడి వెళ్ళేది.

ఆడి నెల, తెలుగువాళ్ళ ఆషాఢం, వచ్చింది. మామూలుగా అయితే గంగమ్మకు కూళు, అంటే రాగి అంబలి, కాచి వీధిలో పోస్తారు. ఆ ఏడు గుడి మూత. ఎవరిళ్ళలో వాళ్ళు కాచుకుని వాళ్ళే తాగారు. ఆ వారమే ఎదురింటావిడకు జ్వరం వచ్చింది. పరీక్షలో అదేనని తేలింది. ఆస్పత్రిలో మంచం దొరకడం కష్టంగా ఉన్న రోజులు. ఊపిరి బాగానే ఉంది, ఇంట్లోనే ఒక గదిలో ఉంచండి అన్నారు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి గేటుకు కాగితం అతికించారు. "ఏపాకు కట్టే సోట కాయితం కడతారా? అమ్మకు సదువొస్తాదా?" అని అత్త తన తిన్నె మీద నుంచి వ్యాఖ్యానించింది.

కొడుకూ కోడలూ పిల్లలను తీసుకుని మేడ మీదికి చేరారు. వాళ్ళను తప్పు పట్టలేం, చంటిపిల్ల ఉంది. కింద గది ముందు స్టూలు మీద అన్నం పెట్టి, తలుపు తట్టి, మెట్లెక్కి పారిపోయేవాళ్ళు. లేచి తలుపు తీసే ఓపిక కూడా ఆవిడకు లేకుండా పోయింది. ఒక మధ్యాహ్నం ఆ కింది గది కిటికీలోంచి "నీళ్ళు... ఎవురైనా నీళ్ళు..." అని మూలుగు వినబడింది. మేడ మీద టీవీ మోగుతోంది, వాళ్ళకు వినబడలేదు. వీధిలో అందరికీ వినబడింది. అందరమూ గుమ్మాల్లో నిలబడి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అత్త చేతికంటిన బంక కడుక్కుంది.

నేను పరుగెత్తి గేటు దగ్గర అడ్డం నిలబడ్డాను. "అత్తా, పోవద్దు. నీకు చెప్పినాను గదా. ఇది నిన్ను ఎరగదు."

"ఎరగకపోతే ఇప్పుడు ఎరుగుతాది. జరుగు."

"నీకేమన్నా అయితే?"

"నాకు ఏమైతే ఎవురికి నష్టం పాపా? మొగుడా, పిల్లలా? నువ్వు కాసేపు ఏడస్తావు. ఏడు." నడుము దగ్గర వేపమండ సర్దుకుంది. "ఆ యమ్మ నీళ్ళకు అరస్తా ఉండాది. నేను పోకపోతే ఇంగ నేనెందుకు ఈ ఈదిలో?"

ఆఖరికి నా మాస్కుల్లో మంచిది ఒకటి ఇచ్చి, తగిలించుకుంటేనే జరుగుతానన్నాను. తగిలించుకుంది. గేటు దాటి నాలుగడుగులు వేసి, అమ్మను పలకరించడానికి దాన్ని గడ్డం కిందికి లాగింది.

ఆ తర్వాత మా వీధికి అదే వినోదం. అత్త ఆ ఇంట్లోంచి మా ఇంటికి కేకలు వేసేది, నేను ఇక్కడి నుంచి జవాబులు. ఆరోగ్యశాఖ అమ్మాయి వేలికి తగిలించమని ఇచ్చిన చిన్న యంత్రాన్ని "బట్టల క్లిప్పు" అనేది. అంకెలు చదివి చెప్పమంటే, "ఎర్రగా ఉండాది, సాలదా?" అనేది. రాగికూళు తాగించింది, ఒళ్ళు తుడిచింది, మాత్రలు కూడా వేసింది. "నీ సైంటిస్టుల మాట కూడా ఒకటి ఇన్నాలే" అని నాకు వినబడేలా చెప్పింది. మేడ మీద కోడలు ఏదో వేయిస్తుంటే, కింద నుంచి కేక పెట్టి ఆపించింది.

మూడు నాలుగు రోజులకు ఒక ఉదయం మహా ఉత్సాహంగా కిటికీ దగ్గరికి వచ్చింది. "పాపా! ఇన్నావా? ఇది కొత్తదేం కాదు. మన అమ్మే!"

"ఎట్లా చెప్తావు?"

"ఈమెకు తాలింపు వాసన తెలీడం లే! పైన ఎల్లిగడ్డ మాడినా కూడా ముక్కుకు పట్టడం లే. తాలింపు పడనిది మన అమ్మ గాక ఇంగెవురు? పోయి చెప్పు మీ వాళ్ళకు, ఊరికే బెదరగొట్టద్దని!"

వాసన పోవడం ఆ జబ్బు లక్షణమని లోకమంతా రాస్తోంది. దాన్ని ఇలా చదువుకున్న మనిషి మాత్రం గుడియాత్తంలో ఈమె ఒక్కతే అయ్యుంటుంది. నేను రోడ్డుకు ఇవతల నుంచి అరిచి అరిచి చెప్పాను. ఆమె వినే స్థితిలో లేదు. పోయిందనుకున్న పెద్దరికం తిరిగి చేతికొచ్చింది. గెలిచినదానిలా మాస్కు విప్పి కిటికీ చువ్వకు తగిలించింది.

ఎదురింటావిడ తేరుకుంది. అత్త ఆమెకు వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో తలంటు పోసి, ఇంటికి వచ్చింది. ఈసారి గడప కడిగిన చప్పుడు వినబడలేదు. కడగాల్సిన ఆవిడ మంచం మీదే ఉంది. అది జరిగిన మూడో పొద్దుకు అత్తకు జ్వరం తగిలింది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి చాప మీద పడుకుని ఉంది. దగ్గు ఆపుకుని, "నువ్వు చెప్పిందే నిజం పాపా. ఇది నన్ను ఎరగదు" అంది.

నేను చెప్పింది నిజం కావడం నాకు ఎప్పుడూ ఇంత కష్టమనిపించలేదు. ఆ నిజం అబద్ధమైపోయి, తాలింపు పడని అమ్మే నెగ్గితే బాగుండునని నేను, సైన్సు టీచర్ని, ఆ కిటికీ చువ్వలు పట్టుకుని మొక్కుకున్నాను.

"తలుపు తియ్యి, నేను లోపలికి వస్తా" అన్నాను.

"ఛీ! నీకు వచ్చినాదా ఇది? రాలే గదా? రానోళ్ళు అడుగు పెట్టకూడదు. అది కట్టుబాటు."

"మరి నీకు ఎవురు చేస్తారు?"

"దీన్ని చూసినోళ్ళు చేస్తారు. లేకుంటే లేదు." అని గోడ వైపు తిరిగి పడుకుంది.

వీధి మొత్తానికి దీన్ని చూసినావిడ ఒక్కతే ఉంది. ఆమె పేరు అత్త ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా అమ్మ మాత్రం ఆ సాయంత్రం ఎదురింటి గేటు దగ్గరికి వెళ్ళి, అక్కడున్న అరుగుతో మాట్లాడుతున్నట్టు గట్టిగా, "మా వదినకు జ్వరం. మమ్మల్ని రానీలే. వచ్చిపోయినోళ్ళే రావల్లంట" అని చెప్పి తిరిగొచ్చేసింది.

పొద్దున ఆ గేటు తెరుచుకుంది. ఎదురింటావిడ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో వేపమండ. ఆ మండను ఎలా పట్టుకోవాలో తెలియక పూలసెండులా పట్టుకుంది. మేడ మీద నుంచి కొడుకు, "అమ్మా, యాడికి పోతావుండావు? నీకే బాగలేదు!" అని అరిచాడు. ఆమె తలెత్తలేదు. వీధి దాటడానికి ఆమెకు చాలా సేపు పట్టింది. అత్త గుమ్మం ముందు ఆగి, ఇలాంటప్పుడు ఏమనాలో తెలియక, "మే, నేను వచ్చినాను" అంది.

లోపలి నుంచి కాసేపు దగ్గు మాత్రమే వినబడింది. ఆ తర్వాత గొంతు వచ్చింది. "చెప్పులు బయట ఇడువు."

ఆవిడ చెప్పులు విడిచి, ఆ పొట్టి తలుపు కింద వంగి లోపలికి వెళ్ళింది.

సేవ చేయడం ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. ఆ ముచ్చట అత్త తిట్లలో మాకు తెలిసేది. "అది కూళా? గోడకు కొట్టే సున్నమా?" "గుడ్డ పిండల్ల తల్లీ, నా మీద సెరువు పోసినావు." ఆవిడ గుడ్డ మళ్ళీ పిండేది. జ్వరం తగ్గింది, ఆయాసం నిలబడింది, చివరికి అదీ సద్దుమణిగింది. తలంటు పోసుకునే రోజు కూడా ఎదురింటావిడే పోసింది.

ఇక్కడితో అంతా మంచే జరిగిందని రాయాలని ఉంది గానీ, తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఆ జబ్బు వీధిలో ఇంకొన్ని ఇళ్ళకు పాకింది. కబురు ఎదురింటికి వెళ్ళడం మొదలైంది. ఆవిడకే కదా ముందు వచ్చింది! ఆవిడ కర్ర పట్టుకుని బయలుదేరేది, దోవలో అత్తను పిలిచేది. మా అత్త ఆ అవమానాన్ని దిగమింగుకోలేకపోయింది. "ముందు వచ్చినంత మాత్రాన పెద్దదైపోతాదా? అప్పుడు ఎవురు చేసినారు ఆమెకు?" అని నా దగ్గర గొణిగేది. అయినా రోజూ ఆవిడ గేటు ముందు నిలబడి, "ఏందమ్మా ఇంగా ఆలస్యం?" అని కేకేసేది. మంచి రోజుల్లో, చెడ్డ రోజుల్లో, పొద్దున్నే ఆ గేటుకు ఎదురుగా ఆ మొహమే ఉండేది.

పోయిన చలికాలంలో అత్త నిద్రలోనే పోయింది. నేను బాగాయం నుంచి వెళ్ళేసరికి తిన్నె కింద పడుకోబెట్టి ఉన్నారు. తల దగ్గర ఎదురింటావిడ కూర్చుని ఉంది. మొహానికి తనే పసుపు రాసింది. ఒక్కో గుంటలోకీ వేలితో నిదానంగా రాసింది. ఎవరో తొందర పెడితే కసిరింది.

మధ్యాహ్నానికి కావేరిపాక్కం నుంచి అత్త తమ్ముడి కొడుకు దిగాడు. కొరివి పెట్టాల్సింది అతనే. మా వీధిలో అతన్ని చూసినవాళ్ళు తక్కువ, అతను చూసినవాళ్ళు ఇంకా తక్కువ. తల దగ్గర దగ్గరి బంధువులు కూర్చోవాలి, అక్కడ తన భార్యను కూర్చోబెట్టాలి. జరీ అంచు చీరలో ఉన్న ఈ పెద్దావిడ ఎవరో అతనికి అర్థం కాలేదు. మర్యాదగానే అడిగాడు.

"మీరు మా అత్తకు ఏం కావల్లమ్మా?"

కులం వేరు, ఇంటిపేరు వేరు, ఎదురిల్లు అనడానికి ఆవిడకు నోరు రాలేదు. నా వైపు చూసింది. నాకూ ఆ వరసకు పేరు తెలియదు. ఆవిడ పసుపు చేతులు ఒళ్ళో పెట్టుకుని అతనితో చెప్పింది.

"నా జ్వరమే ఆమెకు వచ్చినాది నాయనా. ఇంగేం కావల్ల?"

అని, కొంచెం పక్కకు జరిగి, అతని భార్యకు కూర్చోవడానికి చోటిచ్చింది.